మొదటి డోసుకు ముందే మూత్రం చూసి స్టెరాయిడ్ పనిచేస్తుందో లేదో చెప్పగలమా?

పోడోసైట్_పాదం
పిల్లల నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీ జల్లెడ కారి మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు) మీద థీసిస్ పని. సూటిగా అడుగుతున్నా: స్టెరాయిడ్ మొదలుపెట్టే రోజే మూత్రంలో ఏదో ఒక ప్రోటీన్ కొలిచి ఈ బిడ్డకు మందు పనిచేస్తుంది, ఈ బిడ్డకు చెయ్యదు అని చెప్పే దశకు వచ్చామా? ప్రెడ్నిసోలోన్ చదరపు మీటరుకు 60 మి.గ్రా. చొప్పున 4 నుంచి 6 వారాలు రోజూ ఇస్తాం. స్పందించని 10–20% మందికి అన్నాళ్లూ మొహం ఉబ్బడం, బీపీ పెరగడం తప్ప ఒరిగేది లేదు. పేపర్లు తిరగేస్తే ఒకరు విటమిన్ డి బైండింగ్ ప్రోటీన్ (ఇకపై వీడీబీపీ) అంటారు, ఒకరు ఎన్‌గాల్, ఒకరు ఆల్ఫా-1-బి గ్లైకోప్రోటీన్, ఇంకొకరు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. ఒక పేపర్లో నెగ్గింది ఇంకో పేపర్లో ఓడిపోతుంది. మా ఫ్రీజర్‌లో రెసిస్టెంట్ (స్టెరాయిడ్‌కు లొంగని) పిల్లల శాంపిళ్లూ ఉన్నాయి, సెన్సిటివ్ (లొంగే) పిల్లలవీ ఉన్నాయి. డబ్బు మాత్రం మూడు ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్ కొలిచే పరీక్ష) కిట్లకే ఉంది. ఏ మూడు కొనమంటారు?

నెఫ్రాన్_మామ
కిట్ల సంగతి తర్వాత. ఆ శాంపిళ్లు ఎప్పుడు పట్టినవి? స్టెరాయిడ్‌కు ముందా, తర్వాతా?

పోడోసైట్_పాదం
రెసిస్టెంట్ పిల్లలవి ఎక్కువగా 6 వారాల కోర్సు అయ్యాక పట్టినవి. కొందరు అప్పటికే టాక్రోలిమస్ (స్టెరాయిడ్ పనిచెయ్యకపోతే ఇచ్చే మందు) మీద ఉన్నారు. సెన్సిటివ్ వాళ్లవి కొన్ని రిలాప్స్‌లో (జబ్బు తిరగబెట్టినప్పుడు), కొన్ని రెమిషన్‌లో (తగ్గి ఉన్నప్పుడు).

గణాంకాల_గంగులు
అయితే కిట్లు కొనకండి. ఒక పక్క నిండా ప్రోటీన్ పోతున్న పిల్లలు, ఇంకో పక్క సగం మంది మూత్రం శుభ్రంగా ఉన్న పిల్లలు. ఈ రెండు గుంపుల మధ్య మూత్రంలో ఏ ప్రోటీన్ కొలిచినా తేడా వస్తుంది. ఆల్బుమిన్ కొలిచినా వస్తుంది. మీరు కనిపెట్టేది "ప్రోటీన్ పోయేవాళ్లకు ప్రోటీన్ పోతోంది" అన్న సంగతి. దానికి మూడు కిట్లెందుకు, ఒక డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి చూసే రంగు పట్టీ) చాలు.

పేపర్లలో ఒకరి మార్కర్ ఇంకొకరికి పనిచెయ్యకపోవడానికి సగం కారణం ఇదే. మందు ఫలితం తెలిసిపోయిన పిల్లలను తెచ్చి, వాళ్ల ఇప్పటి మూత్రం చూసి, "జోస్యం" అని పేరు పెడతారు. అది జరిగిపోయిన నష్టం కొలత. జోస్యం కావాలంటే మొదటి డోసుకు ముందు పట్టిన మూత్రం కావాలి, ఫలితం ఆ తర్వాత తేలాలి.

డిప్‌స్టిక్_దొర
పైవాడు నా పేరు వాడుకున్నాడు, రాయల్టీ కావాలి.

నెఫ్రాన్_మామ
గంగులు గారు చెప్పినదానికి శరీరం వైపు నుంచి ఇంకొంచెం. వీడీబీపీ అణుభారం దాదాపు 58 కిలోడాల్టన్లు, ఆల్బుమిన్‌ది 66. అక్కా చెల్లెళ్లు అనుకోండి: గ్లోమెరులస్ అనే కిడ్నీ జల్లెడలోంచి ఆల్బుమిన్ జారితే ఇదీ వెంట జారుతుంది. జారినదాన్ని ఆ తర్వాతి సన్న గొట్టం, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో మెగాలిన్, క్యూబిలిన్ అనే గ్రాహకాలు వెనక్కి లాక్కుంటాయి. కాబట్టి మూత్రంలో వీడీబీపీ పెరగడానికి దారులు రెండు. గ్లోమెరులస్ బాగా కారడం ఒకటి, ట్యూబ్యూల్ దెబ్బతిని వెనక్కి లాగలేకపోవడం రెండోది.

మనకు పనికొచ్చే సమాచారం ఏదైనా ఉంటే అది రెండో దారిలోనే ఉంది. 2016లో సిన్సినాటి బృందం వీడీబీపీ మీద వేసిన పేపర్ చదివి ఉంటారు. రెసిస్టెంట్ పిల్లల్లో ఎక్కువ వచ్చింది నిజమే, కానీ చూసిన పిల్లలు పదుల్లోనే. పైగా రెసిస్టెంట్ పిల్లల్లో చాలామందికి ట్యూబ్యూల్స్ చుట్టూ మచ్చ కట్టడం అప్పటికే మొదలై ఉంటుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ కూడా ట్యూబ్యూల్ మీద దెబ్బ కొడతాయి. వ్యాధి వల్ల పెరిగిందా మందు వల్ల పెరిగిందా అన్నది మీ పాత శాంపిళ్లతో ఎన్నటికీ విడదీయలేరు.

ఎలైజా_ప్లేటు
ఫ్రీజర్ ఎంత చలిదో ఎవరూ అడగలేదు. −20 అయితే ఇంకో గొడవ. ఎన్‌గాల్, ఐజీజీ (ఒక యాంటీబాడీ ప్రోటీన్) రెండూ −20లో నెలల తరబడి ఉంటే తగ్గిపోతాయి, అదీ అన్ని శాంపిళ్లలో ఒకేలా తగ్గవు. −80 కావాలి.

పోడోసైట్_పాదం
−20 సార్ 🙁

ఎలైజా_ప్లేటు
సరే, కొత్త శాంపిళ్లకు పద్ధతి రాస్తున్నా, ప్రింట్ తీసి గోడకు అంటించండి.

మూత్రం 20 మి.లీ. పట్టండి. గది వేడిలో వదిలెయ్యకుండా 4 డిగ్రీల్లో పెట్టి, 2 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో వెయ్యండి: 2000 జి, 10 నిమిషాలు. గుర్తుంచుకోండి, జి (గురుత్వానికి ఎన్ని రెట్ల బలం) వేరు, నిమిషానికి తిరుగుళ్లు వేరు. రోటర్ వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే 2000 జి అంటే సుమారు 4,230 తిరుగుళ్లు. "2000 మీద పెట్టాం" అని ఇద్దరు చెప్తే ఇద్దరూ వేరువేరు పని చేసి ఉంటారు. కణాలు దిగకపోతే ఫ్రీజ్ చేసినప్పుడు తెల్లకణాలు పగిలి, వాటిలోని ఎన్‌గాల్ మొత్తం మీ శాంపిల్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

పైన తేరిన ద్రవాన్ని 0.5 మి.లీ. చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచి −80కి పంపండి. ఒక ట్యూబు ఒక్కసారే కరగాలి. మళ్లీ గడ్డ కట్టించి మళ్లీ కరిగించి అదే కొలత వస్తుందనుకోవద్దు. కరిగించాక అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తుంది. 37 డిగ్రీల్లో కాసేపు పెట్టి, బాగా కుదిపి కలిపాకే పిపెట్ ముంచాలి. మడ్డిని వదిలేసి పై నీళ్లు తీసుకుంటే ప్రోటీన్‌లో కొంత అక్కడే వదిలేసినట్టు.

ఇక అసలు ప్రమాదం: హుక్ ఎఫెక్ట్. మామూలు మూత్రం కోసం తయారైన కిట్‌లో 1:10 పలచన చెయ్యమని ఉంటుంది. నెఫ్రోటిక్ మూత్రానికి అది ఏ మూలకీ రాదు. శాంపిల్, డిటెక్షన్ యాంటీబాడీ ఒకేసారి కలిపే ఒక-దశ కిట్లలో ప్రోటీన్ మరీ ఎక్కువైతే రెండు యాంటీబాడీలూ వేరువేరు అణువులను పట్టుకుంటాయి, శాండ్‌విచ్ కట్టదు, రంగు తగ్గుతుంది. అందరికంటే ఎక్కువ ప్రోటీన్ పోయే బిడ్డకు అందరికంటే తక్కువ రీడింగ్! మధ్యలో కడిగే రెండు-దశల కిట్ తీసుకోండి. దాంట్లో రంగు గరిష్ఠానికి చేరి ఆగుతుంది, కనీసం అబద్ధం చెప్పదు. ముందు నాలుగైదు శాంపిళ్లను 1:10, 1:100, 1:500, 1:2000 చేసి చూడండి. పలచనతో గుణిస్తే ప్రతిసారీ అదే సంఖ్య 20% అటూ ఇటూగా రావాలి. ఎక్కడినుంచి నిలకడగా వస్తుందో అక్కడినుంచి మొదలు.

డిప్‌స్టిక్_దొర
"కనీసం అబద్ధం చెప్పదు". పెళ్లి సంబంధాలకు కూడా ఇదే ప్రమాణం పెడితే బాగుణ్ణు.

కాస్ట్_వేటగాడు
ఎన్‌గాల్‌ను ఇంత తేలిగ్గా ఎందుకు కొనాలనుకుంటున్నారో అర్థం కాదు. 25 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్, న్యూట్రోఫిల్స్‌లో దండిగా ఉంటుంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉంటే ఆకాశానికి పోతుంది. నెఫ్రోటిక్ పిల్లలకు ఇన్ఫెక్షన్లు కొత్తా? ఆ బిడ్డకు స్టెరాయిడ్ పనిచెయ్యకపోవడానికి లోపల దాక్కున్న ఇన్ఫెక్షనే కారణం కావచ్చు. అప్పుడు మీ మార్కర్ "రెసిస్టెంట్" అంటుంది, యాంటీబయాటిక్ ఇచ్చాక బిడ్డ స్పందిస్తాడు.

నెఫ్రాన్_మామ
అంత తీసిపారెయ్యక్కర్లేదు. ప్రతి శాంపిల్‌కూ మైక్రోస్కోపీ, కల్చర్ పెట్టి చీముకణాలున్నవి పక్కన పెడితే ఎన్‌గాల్ ట్యూబ్యూల్ దెబ్బను చక్కగానే చూపిస్తుంది. ట్యూబ్యూల్ దెబ్బ ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో (జల్లెడకు మచ్చ కట్టే, స్టెరాయిడ్‌కు తరచూ లొంగని రకం) ఎక్కువ, మినిమల్ చేంజ్‌లో (జల్లెడ మామూలుగానే కనిపించే, ఎక్కువగా లొంగే రకం) తక్కువ. తర్కంలో తప్పేమీ లేదు.

కాస్ట్_వేటగాడు
తర్కం బాగానే ఉంది. కానీ తీవ్రమైన రిలాప్స్‌లో రక్తనాళాల్లో నీరు తగ్గిపోయి, మినిమల్ చేంజ్ బిడ్డకు కూడా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే పెరిగేది) కాస్త పెరగడం చూస్తూనే ఉంటాం. ఆ రోజు ఎన్‌గాల్ కొలిస్తే?

నెఫ్రాన్_మామ
పెరుగుతుంది. ఒప్పుకుంటా. అందుకే ఒంటరిగా వద్దు.

ట్యూబ్యూల్_తాత
బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జోలికి మాత్రం వెళ్లకండి. మూత్రం పీహెచ్ 6 కన్నా దిగితే విరిగిపోతుంది, అదీ మూత్రాశయంలో ఉండగానే. పట్టాక క్షారం కలిపితే మిగిలింది నిలుస్తుంది కానీ పోయింది తిరిగిరాదు. ఉదయపు మొదటి మూత్రం రాత్రంతా లోపల నిలిచి ఆమ్లంగా ఉంటుంది, కాబట్టి దాంట్లో తక్కువ వచ్చిందంటే నిజంగా తక్కువో, విరిగిపోయిందో తెలీదు. ట్యూబ్యూల్ చూడాలంటే ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులినో, రెటినాల్ బైండింగ్ ప్రోటీనో నయం, ఆమ్లానికి తట్టుకుంటాయి.

అసలు కొత్త కిట్లు దేనికండీ? సెలెక్టివిటీ ఇండెక్స్ 1960ల నుంచీ ఉంది. పెద్ద అణువు ఐజీజీ, చిన్న అణువు ట్రాన్స్‌ఫెరిన్ రెండింటినీ మూత్రంలోనూ రక్తంలోనూ కొలిచి లెక్క కడితే చాలు. ఉదాహరణకు మూత్రంలో ఐజీజీ డెసిలీటరుకు 12 మి.గ్రా., రక్తంలో 300 అయితే నిష్పత్తి 0.04. ట్రాన్స్‌ఫెరిన్ మూత్రంలో 80, రక్తంలో 160 అయితే 0.5. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 0.08. 0.1 కన్నా తక్కువంటే జల్లెడ పెద్ద అణువుల్ని ఇంకా ఆపుతోందని అర్థం, స్టెరాయిడ్‌కు స్పందించే అవకాశం ఎక్కువ. అదే మూత్రంలో ఐజీజీ 45 ఉంటే 0.15ను 0.5తో భాగిస్తే 0.30. 0.2 దాటితే అనుమానించాలి. మూత్రం పలచనా చిక్కనా అన్న బాధ లేదు, లెక్కలో అదే కొట్టుకుపోతుంది. పలచన తేడా సరిచెయ్యడానికి క్రియాటినిన్‌తో భాగించే పని లేదు.

పోడోసైట్_పాదం
తాత గారూ, మరి ఇంత బాగుంటే అందరూ ఎందుకు మానేశారు?

గణాంకాల_గంగులు
0.1కీ 0.2కీ మధ్యలో పడే పిల్లలు చాలామంది కాబట్టి. 0.1 లోపు ఉన్నా స్పందించనివాళ్లున్నారు, 0.2 దాటినా స్పందించేవాళ్లున్నారు. గుంపు సగటుల్లో తేడా వేరు, మీ ఎదురుగా ఉన్న బిడ్డకు నిర్ణయం వేరు. కానీ తాత గారి మాటలో ఒక విలువ ఉంది: కొత్త మార్కర్ ఏదైనా సెలెక్టివిటీ ఇండెక్స్‌ను ఓడించాలి. పేపర్లలో ఆ పోటీ పెట్టేవాళ్లు అరుదు.

ట్యూబ్యూల్_తాత
అది నేను ఒప్పుకుంటా. ఓడిస్తే కిట్ నేనే కొనిపెడతా.

డిప్‌స్టిక్_దొర
స్క్రీన్‌షాట్ తీసిపెట్టాను తాతా.

గణాంకాల_గంగులు
ఇంకో లెక్క. సున్నితత్వం 80%, నిర్దిష్టత 80% ఉన్న మార్కర్ దొరికిందనుకోండి, పత్రికలో వేసుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. మొదటిసారి జబ్బు పడ్డ 100 మంది పిల్లల్లో 15 మంది రెసిస్టెంట్ అనుకుందాం. ఆ 15లో 12 మందిని మార్కర్ పట్టుకుంటుంది. మిగతా 85లో 17 మందిని పొరపాటున రెసిస్టెంట్ అంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన 29 మందిలో నిజంగా రెసిస్టెంట్ 12 మంది, 41%. ఇప్పుడు చెప్పండి, ఆ 29 మందికి స్టెరాయిడ్ ఆపేస్తారా? 17 మందికి పనిచేసే మందు ఆపినట్టవుతుంది.

నెగటివ్ వస్తే? 71 మందిలో 68 మంది సెన్సిటివ్, 96%. వినడానికి బాగుంది, కానీ ఏ పరీక్షా చెయ్యకుండానే 85% అని మనకు తెలుసు. వాళ్లకు ఎలాగూ స్టెరాయిడే ఇస్తాం.

అందుకే మార్కర్ వెతికే ముందు, పాజిటివ్ వస్తే ఏం మారుస్తారో రాసిపెట్టుకోండి. ఏమీ మార్చనంటే కొలవడం దండగ.

కాస్ట్_వేటగాడు
మార్చేవి ఉన్నాయి. పాజిటివ్ వచ్చిన బిడ్డకు స్టెరాయిడ్ ఆపం, కానీ జన్యు పరీక్ష 4 వారాలు ఆగకుండా ముందే పంపుతాం. ఫలితం రావడానికే వారాలు పడుతుంది కదా. బయాప్సీ కూడా ముందే మాట్లాడిపెట్టుకోవచ్చు. దానికి 41% తక్కువేం కాదు.

గణాంకాల_గంగులు
ఇది బాగుంది. ఇలా ఆలోచిస్తే మార్కర్‌కు ఉద్యోగం దొరికినట్టే.

జన్యు_జాలరి
జన్యువుల మాట వచ్చింది కాబట్టి. "స్టెరాయిడ్ రెసిస్టెంట్" ఒకే జబ్బు కాదు. ఎన్‌పీహెచ్‌ఎస్1, ఎన్‌పీహెచ్‌ఎస్2, డబ్ల్యూటీ1, పీఎల్‌సీఈ1 లాంటి జన్యువుల్లో లోపం ఉంటే జల్లెడ కట్టడమే తప్పుగా కట్టి ఉంది, స్టెరాయిడ్ ఏం చేస్తుంది? కోక్యూ2, కోక్యూ6, కోక్యూ8బి లోపాలైతే మందే వేరు, కోఎంజైమ్ క్యూ10. ఇంకో పక్క రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చినా స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లు, వీళ్లలో చాలామంది కాల్సిన్యూరిన్ ఇన్హిబిటర్లకు (టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రకం మందులకు) లొంగుతారు. రెండు గుంపుల మూత్రం ఒకేలా ఎందుకుండాలి? కలిపి సగటు తీస్తే రెండింటి సంకేతమూ చెదిరిపోతుంది.

నెఫ్రిన్ (జల్లెడలోని ఒక ప్రోటీన్) మీద యాంటీబాడీల సంగతి కూడా మరిచిపోవద్దు, 2022 నుంచి గట్టిగా నడుస్తోంది. కాకపోతే అది రక్తంలో కొలిచేది.

సందేహాల_సీత
మరి సీడీ80 అనే ప్రోటీన్? మూత్రంలో సీడీ80 పెరిగితే మినిమల్ చేంజ్ అనేవారు?

జన్యు_జాలరి
మినిమల్ చేంజ్ రిలాప్స్‌లో పెరుగుతుంది, ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో అంతగా పెరగదు అని 2009–10 ప్రాంతంలో వచ్చింది. 2013లో సీడీ80ని అడ్డుకునే అబాటసెప్ట్‌తో ఐదుగురు రోగుల్లో మేలు కనిపించిందనేసరికి పెద్ద సందడి. తర్వాత వేరే చోట్ల అదే ఫలితం రాలేదు, బయాప్సీలో పోడోసైట్ల (జల్లెడ కణాల) మీద సీడీ80 రంగు పట్టడం మీదే వాదం నడిచింది. మూడు కిట్లలో దీనికి చోటివ్వను.

పోడోసైట్_పాదం
క్రియాటినిన్‌తో భాగించడం గురించి తాత గారు అన్నది అర్థం కాలేదు. అన్ని పేపర్లూ భాగిస్తున్నాయి కదా?

ఎలైజా_ప్లేటు
క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. రెండేళ్ల పిల్లకు కండెంత, పన్నెండేళ్ల పిల్లాడికెంత? వీడీబీపీ మి.లీ.కి 1000 నానోగ్రాములు ఇద్దరికీ ఉందనుకోండి. చిన్నదాని మూత్రంలో క్రియాటినిన్ డెసిలీటరుకు 25 మి.గ్రా. అయితే నిష్పత్తి 4,000. పెద్దాడికి 100 ఉంటే 1,000. ఇద్దరి వయసు తప్ప ఏమీ తేడా లేకపోయినా నాలుగు రెట్లు! రెసిస్టెంట్ గుంపులో పిల్లల వయసు వేరేగా ఉంటే మీ మార్కర్ కొలిచేది వయసునే. వయసు, మూత్రంలో ఆల్బుమిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) మూడూ లెక్కలో పెట్టాక కూడా మార్కర్ మిగిలితేనే మాట్లాడాలి. విలువలన్నీ లాగరిథమ్‌లోకి మార్చి చూడండి, లేకపోతే ఇద్దరు ముగ్గురు పిల్లలే గ్రాఫ్ మొత్తాన్ని లాక్కుపోతారు.

నెఫ్రాన్_మామ
నన్నడిగితే వీడీబీపీని అదే మూత్రంలోని ఆల్బుమిన్‌తో పోల్చడం మేలు. ఒక హెచ్చరిక: బాగా వాచిన బిడ్డకు సిరలోంచి ఆల్బుమిన్ ఎక్కిస్తే అది గంటల్లో మూత్రంలోకి దిగుతుంది, మీ హారం తలకిందులవుతుంది. ఎక్కించకముందే మూత్రం పట్టాలి.

డిప్‌స్టిక్_దొర
ఒక్క మాట సీరియస్‌గా. అందరికంటే చవకైన మార్కర్ మూత్రంలో ప్రోటీనే, 7 నుంచి 10వ రోజు మధ్య. వారం పది రోజుల్లో నిల్ లేదా ట్రేస్‌కు వచ్చిన పిల్లల్లో తర్వాత తరచూ రిలాప్స్ అయ్యే ముప్పు తక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ అనుమానం పెరుగుతుంది. మీ మార్కర్ మొదటి రోజు చెప్పేది, డిప్‌స్టిక్ పదో రోజు చెప్పేదానికంటే మెరుగా కాదా అన్నది కూడా పోల్చండి. తేడా పది రోజులే అయితే ఖరీదైన కిట్ గెలవడం కష్టం.

రోజూ చదివేటప్పుడు తప్పులు: మూత్రం బాగా క్షారంగా ఉంటే స్ట్రిప్ లేని ప్రోటీన్ చూపిస్తుంది, క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచినా అంతే. నమ్మకం లేకపోతే తేర్చిన మూత్రానికి అంతే కొలత 3% సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం కలిపి, ట్యూబు వెనక అచ్చు అక్షరాలు పెట్టి చూడండి. మసగ్గా ఉన్నా చదవగలిగితే 1+. అక్షరాలు కనిపించకపోతే 2+ పైన. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చిన రోజు, పెద్ద డోసు పెన్సిలిన్ నడిచే రోజు ఇది కూడా మోసం చేస్తుంది.

సందేహాల_సీత
దొర గారు సీరియస్ అయితే ఇంత ఉందా!

కాస్ట్_వేటగాడు
"రెసిస్టెంట్" అని ఏ రోజు రాస్తారో కూడా ముందే తేల్చండి. 4 వారాలకే రాస్తే, 4–6 వారాల మధ్య ఆలస్యంగా స్పందించేవాళ్లు తప్పు గుంపులో పడతారు. ఐపీఎన్ఏ (పిల్లల కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంఘం) సూచనల్లో ఆ రెండు వారాలను నిర్ధారణ గడువుగానే పెట్టారు. వాంతి చేసుకున్న డోసులు, ఎగ్గొట్టిన డోసులు నమోదు కావాలి. మందు మింగని బిడ్డ రెసిస్టెంట్ కాదు.

పోడోసైట్_పాదం
సరే, మార్చుకున్న ప్లాన్: మొదటిసారి జబ్బు పడ్డ పిల్లలు మాత్రమే, మొదటి డోసుకు ముందు ఒక శాంపిల్, 10వ రోజు ఒకటి. మైక్రోస్కోపీ, కల్చర్ తప్పనిసరి. −80. కొలిచేవి వీడీబీపీ, ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్, ఎన్‌గాల్. పోటీకి సెలెక్టివిటీ ఇండెక్స్. పాత శాంపిళ్లు పలచన పరీక్షలకే. సంఖ్య ఎంత?

గణాంకాల_గంగులు
మొత్తం సంఖ్య చూడొద్దు, రెసిస్టెంట్ పిల్లల సంఖ్య చూడండి. మూడు మార్కర్లతో నమూనా కట్టాలంటే కనీసం 30 మంది రెసిస్టెంట్ ఉండాలి, అదీ తక్కువే. 15% చొప్పున 200 మందిని చేర్చాలి. ఒక్క కేంద్రంలో థీసిస్ గడువులోపు కాదు, ఇంకో మూడు నాలుగు చోట్లతో కలవండి. అందరూ ఒకే సెంట్రిఫ్యూజ్ పద్ధతి పాటించాలి, కొలత మాత్రం ఒకే ల్యాబులో, రెండు గుంపుల శాంపిళ్లూ ప్రతి ప్లేటులో కలగలిపి.

సందేహాల_సీత
చెప్పలేని వయసు పిల్లల దగ్గర మూత్రం ఎలా పడతారు? డైపర్‌లో దూది పెట్టి పిండితే?

ఎలైజా_ప్లేటు
దూది వద్దు. ప్రోటీన్ దారాలకు అంటుకుపోతుంది, ఎంత అంటుకుందో తెలీదు. అంటించే సంచి వాడొచ్చు, అరగంటకోసారి చూసి నిండగానే తియ్యాలి. మలం తగిలితే పారెయ్యడమే. సంచి మూత్రం కల్చర్‌కు పనికిరాదు, చర్మం మీది సూక్ష్మజీవులు పెరుగుతాయి, దానికి విడిగా పట్టాలి. కడిగేటప్పుడు నీళ్లే వాడండి, దొర చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ గుర్తుంది కదా.

ట్యూబ్యూల్_తాత
సంచి తీసిన సమయం లేబుల్ మీద రాయించండి, అంటించిన సమయం కాదు. 2 గంటల లెక్క అక్కడినుంచే. ఇంకోటి, ఐజీజీ, ట్రాన్స్‌ఫెరిన్‌లకు రక్తం అదే పూట తియ్యాలి. మర్నాటి రక్తంతో నా ఇండెక్స్ కట్టి ఓడిపోయిందంటే ఒప్పుకోను.